మిద్దెతోట ప్రశ్నలు – సమాధానాలు: ఇంటి గ్రీన్‌హౌస్‌లో గాలి ఆడాలంటే

మేడ మీదనో పెరట్లోనో చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకున్న పాఠకులు రాసే ఉత్తరాలలో చాలావరకు ఒకే బాధ కనిపిస్తోంది. లోపల వేడి, ఉక్క, షీటు మీద నుంచి కారే నీళ్ళు, వాటి వెంట వచ్చే తెగుళ్ళు. ఇవన్నీ వేరువేరు సమస్యలుగా కనిపించినా మూలం మాత్రం గాలి మార్పిడి సరిగా లేకపోవడమే. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాము.

ప్రశ్న: మా మేడ మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తుతో ఇనుప పైపుల గ్రీన్‌హౌస్ కట్టించి, 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు కప్పించాము. దానికి ఒక తలుపు ఉంది. తలుపు పైభాగాన బాత్‌రూముల్లో వాడే 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాము. మార్చి నెల వచ్చేసరికే మధ్యాహ్నం లోపల 46 డిగ్రీలు చూపిస్తోంది. టమాటా, క్యాప్సికం మొక్కలు ఏపుగా ఉన్నాయి గానీ పూత నిలవడం లేదు. ఇంకా పెద్ద ఫ్యాను పెడితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: పెద్ద ఫ్యాను కొంత మేలు చేస్తుంది. కానీ మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, లోపం ఫ్యానులో కన్నా కట్టడంలోనే ఎక్కువగా ఉంది. కనుక ఫ్యాను కొనే ముందు కట్టడాన్ని సరిచేసుకోవాలని నా సలహా.

గ్రీన్‌హౌస్ ఎందుకు వేడెక్కుతుందో ముందు చూద్దాం. లోపలికి వచ్చిన వేడి కిరణాలను షీటు తిరిగి బయటకు పోనివ్వదని, అదే కారణమని చాలామంది అనుకుంటారు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1909లో రెండు చిన్న పెట్టెలు తయారుచేసి, ఒకదానికి గాజు పలకను, రెండోదానికి ఉష్ణ కిరణాలను ఆపని రాతి ఉప్పు పలకను మూతగా పెట్టి ఎండలో ఉంచితే, రెండూ దాదాపు సమానంగానే వేడెక్కాయి. అంటే వేడెక్కిన గాలి పైకి లేచి బయటపడడానికి దారి లేకపోవడమే వేడికి ప్రధాన కారణం. మామూలు పాలిథిన్ షీటైతే ఉష్ణ కిరణాలను చాలావరకు పోనిస్తుంది కూడా. మీ గ్రీన్‌హౌస్‌లో పైకి లేచిన గాలికి కప్పు దగ్గర దారి లేదు, కింద నుంచి కొత్త గాలి రావడానికీ దారి లేదు.

మీ గ్రీన్‌హౌస్ నేల విస్తీర్ణం 120 చదరపు అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. వేసవి మధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు మీద 1,000 వాట్లకు దగ్గరగా ఎండ పడుతుంది. షీటు కొంత ఆపినా, లోపలికి 7,000 నుంచి 8,000 వాట్ల వేడి చేరుతూనే ఉంటుంది. ఆ చిన్న గదిలో నాలుగు గీజర్లు ఒకేసారి వెలుగుతున్నట్టే. మొక్కలు దట్టంగా ఉంటే ఆకుల నుంచి నీరు ఆవిరి కావడంలో ఇందులో సగం దాకా ఖర్చవుతుంది. మిగిలినదంతా గాలినే వేడెక్కిస్తుంది. ఎండాకాలంలో గ్రీన్‌హౌస్‌లోని గాలి మొత్తం దాదాపు నిమిషానికొకసారి మారాలన్నది పాలీహౌస్‌లు (పాలిథిన్ కప్పిన పెద్ద గ్రీన్‌హౌస్‌లు) కట్టేవారు పాటించే లెక్క. మీ కట్టడంలో 960 ఘనపు అడుగుల గాలి ఉంటుంది కనుక, గంటకు సుమారు 1,600 ఘనపు మీటర్ల గాలిని తోడే ఫ్యాను కావాలి. 6 అంగుళాల బాత్‌రూమ్ ఫ్యాను సాధారణంగా తోడేది గంటకు 300 ఘనపు మీటర్లకు అటూ ఇటూ మాత్రమే. ఫ్యాను రెక్కల కొలత కన్నా, గంటకు ఎంత గాలి తోడుతుందో పెట్టె మీద ముద్రించిన అంకెను చూసి కొనండి.

అంత ఫ్యాను పెట్టినా, నిమిషానికొకసారి గాలి మారినా, పైన నీడ లేకపోతే లోపలి ఉష్ణోగ్రత బయటికన్నా ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువగానే ఉంటుంది. గాలి మార్పిడి ఎంత బాగున్నా అది లోపలి వేడిని బయటి వేడికి దగ్గరగా తేగలదు గానీ, అంతకన్నా తగ్గించలేదు. మార్చిలో బయట 36 డిగ్రీలు ఉన్నప్పుడు ఈ తేడాయే మీ పూతను రాల్చడానికి చాలు. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 డిగ్రీలకు దిగకపోయినా టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలిపోతుంది. దీనికి తోడు టమాటా పువ్వు కదిలితేనే పుప్పొడి రాలి పిందె కడుతుంది. ఆరుబయట ఆ పనిని గాలి, తుమ్మెదలు చూసుకుంటాయి. మూసిన షీటు లోపల రెండూ ఉండవు. కనుక వేడి తగ్గించాక కూడా ఉదయం పూట పూగుత్తుల కాడలను వేలితో మెల్లగా తట్టడం అలవాటు చేసుకోండి.

ఇక చేయవలసిన మార్పుల గురించి చెబుతాను. అన్నిటికన్నా ముఖ్యమైనది కప్పు మీద తెరుపు, అంటే గాలి పోయే సందు. వేడి గాలి తేలిక కనుక పైకి పోతుంది. పై తెరుపు ఎంత ఎత్తున ఉంటే, కింది తెరుపుకూ దానికీ మధ్య ఎంత దూరం ఉంటే, కరెంటు అక్కర లేకుండానే గాలి అంత బలంగా కదులుతుంది. కప్పు తెరుపు విస్తీర్ణం నేల విస్తీర్ణంలో 15 నుంచి 20 శాతం ఉండాలి. మీ విషయంలో కప్పులో ఒక వాలును రెండో వాలు కన్నా 2 అడుగులు ఎత్తు చేసి, ఆ సందును 12 అడుగుల పొడవునా వదిలితే 24 చదరపు అడుగుల తెరుపు వస్తుంది. అంటే సరిగ్గా 20 శాతం. ఈ సందు తూర్పు వైపుకు ఉండేలా కట్టించండి. హైదరాబాదులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువగా పడమటి గాలి వీస్తుంది. అప్పుడు వాన జల్లు లోపలికి కొట్టదు. పైగా కప్పును దాటి పోయే గాలి లోపలి వేడి గాలిని తన వెంట లాక్కుపోతుంది. చలికాలపు రాత్రులలో మూసుకోవడానికి, అకాల వర్షాల నాడు దించుకోవడానికి ఆ సందుకు ఒక చుట్టతెర అమర్చుకోవాలి.

కింది తెరుపుల కోసం రెండు పొడవు గోడల షీటును పైపు మీద చుట్టి పైకి లేపే ఏర్పాటు చేయించండి. ఇక్కడ మేడల మీద మాత్రమే వచ్చే ఒక చిక్కు ఉంది. పిట్టగోడ 3 అడుగులు ఉండి, గ్రీన్‌హౌస్ దాన్ని ఆనుకుని ఉంటే, కింది 3 అడుగుల షీటును ఎంత చుట్టినా అక్కడికి గాలే రాదు. వీలైతే కట్టడాన్ని పిట్టగోడకు కొన్ని అడుగులు ఎడంగా ఉంచాలి. వీలు కాకపోతే షీటు 5 అడుగుల ఎత్తు దాకా చుట్టుకునేలా చేయించాలి. పిట్టగోడ ఎత్తును లెక్కలోకి తీసుకోకుండా కట్టించిన గ్రీన్‌హౌస్‌లు నగరంలో చాలా ఉన్నాయి, కొలతలు చెప్పేటప్పుడే మేస్త్రీకి ఈ విషయం చెప్పాలి.

ఫ్యాను తలుపు పైన ఉండడం కూడా సరికాదు. తలుపు తెరిచి ఫ్యాను వేస్తే, తలుపులోంచి వచ్చిన గాలి అక్కడికక్కడే ఫ్యానులోంచి బయటకు పోతుంది. గది వెనుక భాగంలోని వేడి గాలి కదలనే కదలదు. ఫ్యానును తూర్పు వైపు పైభాగంలో పెట్టి, గాలి వచ్చే దారిని దానికి ఎదురుగా పడమర వైపు కింది భాగంలో ఉంచాలి. మీరు కొనబోయే ఫ్యానుకు ఆ దారి కనీసం 4 చదరపు అడుగులు ఉండాలి. దోమ రాకుండా వల బిగిస్తే అది 8 చదరపు అడుగులు కావాలి. ఫ్యాను తిరుగుతున్నంతసేపు తక్కిన తెరుపులు మూసి ఉంచండి. లేకపోతే అది దగ్గరలో ఉన్న గాలినే లాగుతుంది. ఫ్యానుకు థర్మోస్టాట్ పెట్టి 30 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా అమర్చుకుంటే మీరు ఇంట్లో లేకపోయినా అది తన పని చేస్తుంది. తడి ఉండే చోటు కనుక ఆ కనెక్షన్‌కు షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి.

ఈ మార్పులకు తోడుగా 50 శాతం షేడ్ నెట్‌ను షీటుకు ఒక అడుగు పైన, బయటి వైపు కట్టండి. లోపల కడితే ఎండ ముందే షీటు దాటి వచ్చేస్తుంది, ఆ నెట్ వేడెక్కి ఆ వేడిని లోపలికే వదులుతుంది. మేడ స్లాబుకు తెల్ల సున్నం పూయడం వల్ల కూడా మంచి తేడా కనిపిస్తుంది. పగలంతా వేడెక్కిన సిమెంటు రాత్రి పది దాకా సెగ వదులుతూనే ఉంటుంది కదా.

ఏప్రిల్, మే నెలల విషయంలో మాత్రం నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను. బయటే 40 డిగ్రీలు ఉన్నప్పుడు మన ప్రాంతంలో పాలిథిన్ షీటు వల్ల కూరగాయ మొక్కలకు ఒరిగేదేమీ లేదు. రోహిణి కార్తె దాటి తొలకరి పడేదాకా షీటును పూర్తిగా విప్పి, మడిచి, నీడలో దాచి, షేడ్ నెట్ ఒక్కటే ఉంచండి. షీటు అవసరం మళ్ళీ వానాకాలంలో వస్తుంది. చలి దేశాలలో వేడిని నిలుపుకోవడానికి పుట్టిన కట్టడాన్ని మనం వానను, పురుగును ఆపడానికి వాడుకుంటున్నాము. అందువల్ల దాన్ని ఏడాది పొడవునా ఒకే తీరున ఉంచవలసిన అవసరం లేదు.

చివరగా, మీ థర్మామీటరు ఎక్కడ వేలాడుతోందో చూడండి. దాని మీద నేరుగా ఎండ పడుతుంటే అది గాలి వేడిని కాక తన వేడిని చూపిస్తుంది. మొక్కల ఎత్తులో, నీడపట్టున, చుట్టూ గాలి ఆడేలా వేలాడదీసి మరొకసారి చూస్తే అసలు అంకె తెలుస్తుంది.

ప్రశ్న: మేము ఆంథూరియం, ఆర్కిడ్లు పెంచుతున్నాము. వేసవిలో చల్లగా ఉంటుందని గ్రీన్‌హౌస్ గోడకు ఎయిర్ కూలర్ బిగించాము. వేడి తగ్గినట్టే లేదు. పైగా ఆకుల మీద మచ్చలు, పువ్వుల మీద బూజు మొదలయ్యాయి. హైదరాబాదులో మా బంధువుల ఇంట్లో ఇదే ఏర్పాటు బాగా పనిచేస్తోంది. మా దగ్గర ఎందుకు పనిచేయడం లేదు?
– ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: కూలర్‌లో తప్పేమీ లేదు. అది సముద్ర తీరంలో పనిచేసే పరికరం కాదు. తడి మ్యాట్ గుండా పోయే గాలి కొంత నీటిని ఆవిరిగా మార్చి, అందుకు కావలసిన వేడిని తనలోంచే ఇచ్చి చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ నీరు ఆవిరవుతుంది. ఇలా చల్లబడడానికి ఒక హద్దు ఉంది. దాన్ని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు ఆ హద్దు దాదాపు 23 డిగ్రీలు. మంచి మ్యాట్ ఆ తేడాలో ఎనభై శాతం దాకా అందుకోగలదు కనుక కూలర్ లోంచి 26, 27 డిగ్రీల గాలి వస్తుంది. మీ వైపు 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున ఆ హద్దే 29 డిగ్రీలు దాటి ఉంటుంది. కూలర్ ఎంత తిరిగినా 30 డిగ్రీల కన్నా చల్లని గాలి రాదు. అది కూడా తేమతో నిండిన గాలి.

మీ ఊళ్ళో ఏ రోజున కూలర్ పనికొస్తుందో మీరే తెలుసుకోవచ్చు. రెండు మామూలు థర్మామీటర్లు తీసుకుని ఒకదాని బల్బుకు తడిపిన నూలు గుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాను గాలికి పది నిమిషాలు ఉంచండి. రెండింటి మధ్య తేడా 10 డిగ్రీల పైన ఉంటే కూలర్ మేలు చేస్తుంది. 5 డిగ్రీల లోపు ఉంటే అది తేమను పెంచడం తప్ప మరేమీ చేయదు. హైదరాబాదులో కూడా వానలు మొదలయ్యాక మీ బంధువులు కూలర్‌ను ఆపివేయవలసిందే. కూలర్ వాడే రోజుల్లో సైతం గాలి లోపలికి రావడం ఎంత ముఖ్యమో, ఎదుటి వైపు నుంచి బయటకు పోవడం అంతే ముఖ్యం. అన్నీ మూసి కూలర్ వేస్తే ఎక్కడైనా ఉక్కే మిగులుతుంది.

మీరు పెంచే మొక్కలకు పాలిథిన్ గోడలు అసలు అవసరమా అన్నది కూడా ఆలోచించండి. ఆంథూరియంకు గాలిలో తేమ కావాలి. అది మీ తీరప్రాంతంలో సహజంగానే ఉంది. దానికి కావలసినది 75 శాతం నీడ, నెత్తిన వాన పడకుండా ఒక కప్పు, చుట్టూ ధారాళంగా ఆడే గాలి. నాలుగు వైపులా పాలిథిన్ తీసివేసి షేడ్ నెట్ కట్టండి. పైకప్పుకు మాత్రం షీటు ఉంచి, రెండు వాలులు కలిసే కొన దగ్గర పొడవునా సందు వదలండి. మధ్యాహ్నం నుంచి వీచే సముద్రపు గాలి ఒక వైపు నుంచి రెండో వైపుకు పోయేలా దక్షిణం, తూర్పు వైపులు ఏ అడ్డూ లేకుండా ఉండాలి. సాయంత్రం పూట పైరగాలి తిరిగితే ఏ ఫ్యానూ చేయలేని పని అది చేస్తుంది.

గాలి స్తంభించే రోజుల కోసం ఒక చిన్న గోడ ఫ్యానును మొక్కల తలల మీదుగా గాలి పోయేలా పెట్టుకోవచ్చు. ఆకులు కొద్దిగా కదిలితే చాలు, ఊగిపోయేంత గాలి అక్కరలేదు. ఈ ఫ్యాను లోపలి గాలిని తిప్పుతుందే గానీ బయటకు పంపదు కనుక ఎగ్జాస్ట్ ఫ్యానుకు బదులు కాదు. అయినా ఆకుల మీద తడిని ఆరబెట్టడంలో దీనికి సాటి లేదు. బూజు తెగులు బీజాలు మొలకెత్తడానికి ఆకు మీద కొన్ని గంటలపాటు తడి నిలిచి ఉండాలి, ఆ వ్యవధి దొరకకుండా చేయడమే అన్ని మందుల కన్నా మంచి మందు. కనుక నీళ్ళు ఉదయం పూటే, కుండీలోనే పోయండి. బూజు పట్టిన పువ్వులను, ఆకులను కత్తిరించి కవరులో వేసి బయట పారవేయండి. కుండీల మధ్య ఎడం కూడా పెంచండి.

ప్రశ్న: ఆకుముడత తట్టుకోలేక గ్రీన్‌హౌస్ తెరుపులన్నిటికీ 40 మెష్ వల బిగించాము. తెల్లదోమ తగ్గింది గానీ లోపల ఉక్క బాగా పెరిగింది. వల తీసివేయమంటారా?
– ఒక రైతు కుటుంబం, మదనపల్లె

సమాధానం: తీసివేయవద్దు. టమాటాలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమే. వైరస్ సోకిన మొక్కకు చికిత్స లేదు. వల ఉంచుతూనే గాలికి దారి పెంచాలి. 40 మెష్ అంటే అంగుళానికి 40 దారాలు ఉన్న వల. దారాలు ఆక్రమించిన చోటును తీసివేస్తే గాలికి మిగిలేది సగం మాత్రమే అనుకోవచ్చు. దుమ్ము పడితే అదీ ఉండదు. అందుచేత తెరుపు ఎంత ఉందో అంత వల బిగించకుండా, దానికి రెండు మూడు రెట్లు వల పట్టేలా చేయడమే దీనికి మార్గం. తెరుపు బయట ఒకటిన్నర, రెండు అడుగులు ముందుకు వచ్చే పైపు చట్రం కట్టి, దాని అన్ని ముఖాలకూ వల తొడిగితే, గోడలో రంధ్రం పెంచకుండానే వల విస్తీర్ణం పెరిగి గాలి తేలికగా వస్తుంది. పాలీహౌస్ రైతులు కొందరు పక్క గోడలకు ఇలాగే చేస్తారు.

నెలకు ఒకటి రెండు సార్లు వలను పైపుతో లోపలి నుంచి బయటకు నీళ్ళు కొట్టి కడగాలి. మిరప పంట వాళ్ళు తామర పురుగుల కోసం ఇంకా సన్నని వల అడుగుతుంటారు. తామర పురుగు తెల్లదోమ కన్నా చాలా సన్నగా ఉంటుంది కనుక దాన్ని ఆపే వల గాలిని కూడా దాదాపు ఆపేస్తుంది. ఇంటి స్థాయి గ్రీన్‌హౌస్‌కు అంత సన్నని వల నేను సూచించను. నీలిరంగు జిగురు అట్టలు వేలాడదీసి, తలుపుకు రెండు తెరల ఏర్పాటు చేసుకోవడం మేలు.

ప్రశ్న: ముసురు పట్టిన రోజుల్లో బయటి గాలిలోనే తేమ ఎక్కువ కదా, అప్పుడు గ్రీన్‌హౌస్ తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా? నారు కుళ్ళిపోతోంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: తెరిచే ఉంచాలి. మూసి ఉంచితే మట్టి నుంచి, ఆకుల నుంచి వచ్చే ఆవిరి కూడా తోడై లోపలి తేమ బయటికన్నా ఎక్కువవుతుంది. రాత్రి షీటు చల్లబడగానే ఆ ఆవిరి బొట్లు కట్టి నారు మీద రాలుతుంది. జల్లు కొట్టే వైపు మాత్రం దించి, ఎదుటి వైపు, కప్పు సందు తెరిచి ఉంచండి. నారు ట్రేలను నేల మీద కాకుండా చువ్వల బల్ల మీద పెడితే అడుగు నుంచి కూడా గాలి ఆడుతుంది. నారుకుళ్ళు తగ్గడానికి చాలాసార్లు ఈ ఒక్క మార్పే సరిపోతుంది. ముసురు రోజుల్లో నారుకు నీళ్ళు పోసే ముందు ట్రేలోని కొబ్బరిపొట్టును వేలితో నొక్కి చూడండి. చాలా రోజులు నీళ్ళ అవసరమే ఉండదు.

ప్రశ్న: మా పెరట్లో 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్న పాలికార్బొనేట్ గ్రీన్‌హౌస్‌లో కరివేపాకు, మల్లె, గోంగూర పెంచుతున్నాము. చలికాలంలో చిన్న ప్రొపేన్ హీటర్ పెట్టి అన్నీ గట్టిగా మూసేస్తాము. గోడల మీద నీళ్ళు కారుతున్నాయి, కరివేపాకు ఆకులు రాలుతున్నాయి, మల్లె కొమ్మల మీద బూడిద రంగు బూజు వచ్చింది. బయట మంచు పడుతుంటే కిటికీ తెరవడం ఎలా?
– ఒక తెలుగు కుటుంబం, న్యూజెర్సీ, అమెరికా

సమాధానం: ముందుగా హీటర్ సంగతి చెప్పాలి. పొగగొట్టం లేని ప్రొపేన్ హీటరును మూసిన గ్రీన్‌హౌస్‌లో వాడడం ప్రమాదకరం. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. అది మనుషుల ప్రాణానికే ముప్పు. సరిగా మండని గ్యాసు నుంచి వచ్చే ఇథిలీన్ ఆకులను, మొగ్గలను రాలుస్తుంది. పైగా ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. మీ గోడల మీద కారే నీళ్ళలో చాలా భాగం ఆ హీటర్ ఇచ్చినవే. గ్రీన్‌హౌస్‌కని తయారైన కరెంటు హీటరుకు మారండి. అంతవరకు గ్యాసు హీటరు వెలుగుతున్నప్పుడు కిటికీ కొద్దిగా తెరిచే ఉండాలి, లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలి.

చలిలో కిటికీ తెరిస్తే వేడంతా పోతుందన్న భయం సహజమే గానీ, లెక్క వేస్తే అది అంత పెద్ద నష్టం కాదని తెలుస్తుంది. మీ గ్రీన్‌హౌస్‌లో ఉండేది సుమారు 9 నుంచి 10 ఘనపు మీటర్ల గాలి. ఆ గాలి మొత్తాన్ని ఒకసారి మార్చి, 0 డిగ్రీల నుంచి 15 డిగ్రీలకు వేడి చేయడానికి కరెంటు యూనిట్‌లో ఇరవయ్యో వంతు చాలు. దానివల్ల వచ్చే లాభం మాత్రం పెద్దది. 15 డిగ్రీల వద్ద తేమతో నిండిన గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 13 గ్రాముల నీరు ఉంటుంది. 0 డిగ్రీల గాలి ఎంత నిండినా 5 గ్రాములకు మించి మోయలేదు. కనుక తడి గాలిని బయటకు పంపి, చల్లని గాలిని లోపలికి తెచ్చి వేడి చేస్తే అది పొడిగాలి అవుతుంది, ఆకుల మీద తడి ఆరిపోతుంది. ఎండ ఉన్న రోజున మధ్యాహ్నం పూట కప్పు కిటికీని, తలుపును పది నిమిషాలు తెరిచి మూసేయండి. చల్లగాలి నేరుగా కరివేపాకు మీద పడకుండా మొక్కను తలుపుకు దూరంగా జరపండి. లోపల ఒక చిన్న ఫ్యాను రాత్రీ పగలూ మెల్లగా తిరుగుతూ ఉండాలి.

చలికాలంలో పగటి వెలుతురు తగ్గడం వల్ల కరివేపాకు కొన్ని ఆకులు రాల్చడం సహజం. లోపల 10 డిగ్రీలకు తగ్గకుండా చూసి, మట్టి పైపొర ఆరిన తరువాతే నీళ్ళు పోస్తే వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది. గోంగూర వేసవి పంట. దాన్ని చలికాలంలో నిలబెట్టడానికి కరెంటు ఖర్చు పెట్టేకన్నా విత్తనం దాచుకుని మే నెలాఖరున ఆరుబయట వేసుకోవడం మంచిది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో మీకు మరో చిక్కు వస్తుంది. బయట చలిగా ఉన్నా ఎండ కాసిన రోజున మూసిన గ్రీన్‌హౌస్ ఒక గంటలో 35 డిగ్రీలు దాటుతుంది. మీరు ఉద్యోగానికి వెళ్ళి ఉంటారు. కప్పు కిటికీకి మైనపు గొట్టంతో పనిచేసే ఆటోమేటిక్ ఓపెనర్ బిగించుకోండి. గొట్టంలోని మైనం వేడికి వ్యాకోచించి కిటికీని తోస్తుంది, చల్లబడితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. దీనికి కరెంటు అవసరం లేదు. ఎంత వేడికి తెరుచుకోవాలో మర తిప్పి సరిచేసుకోవచ్చు.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. మీరు చెప్పినట్టు కప్పు తెరిచి, గోడలు చుట్టి ఉంచితే తుఫాను గాలికి గ్రీన్‌హౌస్ నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: తుఫానుకు తెరిచి ఉంచిన కట్టడమూ నిలవదు, సగం మూసిన కట్టడం అసలే నిలవదు. ఒక వైపు నుంచి దూరిన గాలికి ఎదుటి వైపు దారి లేకపోతే అది కప్పును కింది నుంచి పైకి లేపుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీ నగరాన్ని తాకినప్పుడు రేకుల కప్పులు ఎలా లేచిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. అంతటి గాలికి పాలిథిన్ షీటును కాపాడాలని చూడడం కన్నా, దాన్ని విప్పి పైపుల చట్రాన్ని కాపాడుకోవడం తెలివైన పని.

అందుకు ముందే ఏర్పాటు ఉండాలి. షీటును మేకులతో, తీగలతో బిగించకుండా, అల్యూమినియం గాడిలో వంకర స్ప్రింగు తీగ నొక్కి బిగించే పద్ధతిలో వేయించుకుంటే, ఇద్దరు మనుషులు గంట రెండు గంటల్లో మొత్తం విప్పగలరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్ళీ మే నెలలో వాతావరణ శాఖ హెచ్చరికలను గమనిస్తూ ఉండండి. మీ తీరానికి తుఫాను హెచ్చరిక రాగానే, గాలి ఇంకా లేవకముందే పని మొదలుపెట్టాలి. గాలి లేచాక మేడ మీద షీటు విప్పడం ప్రాణాపాయం. ముందు ఫ్యాను కనెక్షన్ తీసివేయండి. తరువాత షేడ్ నెట్, ఆ తరువాత షీటు విప్పండి. నెట్‌లోంచి గాలి పోతుంది కదా అని వదిలేస్తే అది చినిగి పైపులను కూడా లాగేస్తుంది. వేలాడే కుండీలను దించి, బల్లల మీది కుండీలను పిట్టగోడ మూలకు చేర్చి, వీలైనవి ఇంట్లోకి తీసుకురండి. తుఫాను వెళ్ళిన మరుసటి రోజే షీటు కప్పవద్దు. ఉప్పు గాలి తగిలిన ఆకులను మంచినీళ్ళతో కడిగి, పైపుల బోల్టులన్నీ బిగించి, తడిసిన స్లాబు ఆరిన తరువాత కప్పుకోండి.